ఐదింటి నుంచి ఆరింటి దాకా

అట్టల మీద రాసే లావుపాటి నల్ల మార్కర్ మూత తీయగానే ముక్కుకి ఘాటుగా తగిలే వాసన ఒకటి ఉంటుంది చూశారూ, అది నాకు పడదు. ఆరో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం చేస్తూ ఆ వాసన పడదంటే కుదరదు గానీ, ఏటా నవంబరులో, అమెరికాలో చలికాలానికని గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకున్న వారంలో మాత్రం, క్లాసులో ఏ పిల్లయినా చార్టు గీయడానికి ఆ మూత తీస్తే నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడతాను. టీచరుకి తలనొప్పి అనుకుంటారు పిల్లలు. అనుకోనీ. కిందటేడు నాన్న పోయాక ఆయన క్లోజెట్ పై అరలో, గ్రీకు నోటు పుస్తకాల అడుగున, నేను పదకొండేళ్ళప్పుడు పిజ్జా పెట్టె అట్టతో చేసిన చక్రం దొరికింది. ఎప్పుడో పారేసి ఉంటారని నమ్మి హాయిగా ఉన్నాను. ఇన్నేళ్ళూ దాచారు. దగ్గర పెట్టుకుని చూస్తే ఆ వాసన ఇంకా ఉన్నట్టే అనిపించింది.

నాకు ఆరేళ్ళప్పుడు రేపల్లె దగ్గర మా ఊరి నుంచి డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చాం. అప్పటికి ఇండియాకి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డులు. మా నాయనమ్మ ఆర్నెల్లు ఉండి పోవడానికి వచ్చినప్పుడల్లా ఆ కార్డు వెనక బూడిదరంగు పొరని పిన్నీసుతో గీకి, నంబరు బయటపడగానే ఊదుకుని, ఆ పొడి కార్పెట్ మీద పడిందని అమ్మచేత మాట పడేది. నాన్న పగలు లాస్ కొలినాస్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వారంలో రెండు సాయంత్రాలు డల్లాస్‌కి అవతల పాస్టర్లు చదివే ఒక సెమినరీలో గ్రీకు క్లాసు, ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు క్రైస్తవ సహవాసంలో ప్రసంగం. పదిహేను కుటుంబాలు. అమెరికన్ల ఆరాధన అయిపోయి వాళ్ళ కార్లు కదిలాక, వాళ్ళ చర్చి వెనక హాలు మాకు మూడు గంటలు అద్దెకి దొరికేది. మడత కుర్చీలన్నీ గోడకి చేర్చి, కార్పెట్ మీద ఇంటి నుంచి తెచ్చిన దుప్పట్లు పరిచి, గుమ్మం బయట చెప్పులు కుప్పగా వదిలి, ఆడవాళ్ళొక వైపు మగవాళ్ళొక వైపు కూర్చుంటే, పొద్దున వాళ్ళు తాగిన కాఫీ వాసన మీద మా మసాలా కోడికూర వాసన, కొబ్బరినూనె వాసన, నాయనమ్మ కణతలకి రాసుకున్న తలనొప్పి మందు వాసన ఒక్కొక్కటిగా పరుచుకునేవి.

ఎండాకాలం ఆ పార్కింగ్ లాటు తారు మెత్తబడి మా చెప్పులకి అంటుకునేది. అయినా కార్లు నిలిపే తెల్లగీతల మధ్యే మా తొక్కుడు బిళ్ళ. అక్టోబరు చివరికి గాలి మారి, హాలు వెనక రెండు పెకాన్ చెట్ల కింద అక్రోటుల్లాంటి కాయలు రాలితే ఆట మానేసి వాటిని ఏరేవాళ్ళం, మడమతో తొక్కి పగలగొట్టి, వగరు పొర గోళ్ళతో తీసుకుని తినేవాళ్ళం. మిగిలినవి సుగుణ ఆంటీకి. ఆవిడ వాటిని దోరగా వేయించి, బెల్లంతో కలిపి దంచి, క్రిస్మస్ కజ్జికాయల్లో కూరేది. రేపల్లెలో ఎవరూ ఎరగని ఆ కజ్జికాయ రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఆంటీకి పిల్లల్లేరు. ఆవిడా, పోస్టాఫీసులో పనిచేసే ప్రభాకర్ అంకుల్, మా అపార్ట్‌మెంట్స్‌లోనే రెండు మెట్ల వరసల అవతల ఉండేవాళ్ళు. మా పిల్లలందరికీ తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే. వరసకి ఒక అక్షరం తప్పు రాస్తే కోప్పడేది కాదు, ఆ అక్షరాన్ని చూసి తనలో తను నవ్వుకునేది, మాకు అదే సిగ్గు. ఇప్పుడు నేను రాస్తున్న ఈ ముక్కలు ఆవిడ పెట్టిన భిక్ష.

నాన్న ప్రార్థన చేస్తే జరుగుతుందని మా సహవాసంలో ఒక పేరు పడిపోయింది. ఎవరిదో వీసా ఫైలు ఏడాదిగా కదలనిది ఆయన ఇంటికొచ్చి ప్రార్థన చేసిన వారానికి కదిలిందట. ఇంకెవరికో ఉద్యోగం పోయి మళ్ళీ వచ్చిందట. బజార్లో కనిపిస్తే చేతులు పట్టుకుని వదిలేవాళ్ళు కాదు. నాన్న ఇబ్బంది పడేవారు, నిజమే. కొంచెం ఇష్టపడేవారు కూడా. ఇది నేను ఆయన ఉండగా ఎవరితోనూ అనలేదు.

ఆ సెప్టెంబరులో సుగుణ ఆంటీకి కడుపులో క్యాన్సరని తెలిసింది. అప్పటికే ముదిరింది. అక్టోబరులో ఒక ఆదివారం నాన్న ఏలీయా ప్రవక్త గురించి చెబుతూ, తెల్లబోర్డు మీద గ్రీకు అక్షరాల్లో ఒక మాట రాసి, కింద తెలుగులో ‘హొమొయొపథేస్’ అని రాశారు. వానలు ఆగాలని ప్రార్థిస్తే మూడున్నరేళ్ళు ఆగి, కురవాలని ప్రార్థిస్తే కురిసిన మనిషి ఏలీయా. అంతటివాడు కూడా మనవంటి స్వభావం కలవాడేనని యాకోబు తన ఉత్తరంలో అంటాడు, ఆ ‘మనవంటి స్వభావం’ అన్నచోట ఉన్న మాట ఇది, అన్నారు నాన్న. ఏదో హోమియోపతి మందు పేరులాగుందని నాయనమ్మ పక్కావిడతో అనడం నాకు వినిపించి నవ్వొచ్చింది. నాన్న మాత్రం ఆ మాటని రెండుగా విడదీశారు. మొదటి ముక్కకి ‘ఒకేలా’ అని అర్థం. రెండో ముక్క, మనిషి మీద పడేది, మనిషి అనుభవించేది, బాధ. మనకి పడేదే పడ్డవాడు, మనకి నొచ్చినట్టే నొచ్చినవాడు అని చెప్పాలి, స్వభావం అంటే చాలదు, అన్నారు. ఈ మాట ఇంకొక్కచోటే ఉందట. ఒక ఊళ్ళో జనం పౌలునీ బర్నబానీ దేవుళ్ళనుకుని పూలదండలూ ఎడ్లూ తెస్తే, వాళ్ళు బట్టలు చింపుకుని, మేమూ మీలాంటి మనుషులమేనయ్యా అని మొత్తుకుంటూ అన్న మాట. తన మెడలో పడుతున్న దండలు తీసుకోవడానికే నాన్న ఆ ప్రసంగం చేశారని పెద్దయ్యాక అర్థమైంది. ఆ రోజు హాల్లో కూర్చున్నవాళ్ళకి మాత్రం తలకిందులుగా ఎక్కింది. ఏలీయా మనలాంటివాడైతే మన ప్రార్థనా ఏలీయా ప్రార్థన లాంటిదే కదా, ఇంకేం, ఆంటీ బతుకుతుంది అనుకున్నాం. నేనైతే ఆ సాయంత్రం బాల్కనీలో నిలబడి, పది నిమిషాల్లో వాన పడాలని అడిగి చూశాను. పడలేదు. పెద్దవాటికే పనిచేస్తుందేమో అని సర్దిచెప్పుకున్నాను.

డాక్టర్లు ఇక చేసేదేం లేదన్నాక ఏడు రోజుల చైన్ ప్రేయర్ పెట్టారు. సోమవారం పొద్దున మొదలు, ఆదివారం సాయంత్రం దాకా, ఇరవైనాలుగు గంటలూ ఎవరో ఒకరు ప్రార్థనలో ఉండాలి, మధ్యలో తెగకూడదు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా మేము, గంటకొకరం. మిగతా ఎనిమిది గంటలు మా ఊరి చర్చిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు. మనకి రాత్రయితే వాళ్ళకి పగలు గదా అని నాయనమ్మ రెండు కార్డులు అవగొట్టి కుదిర్చింది. ఇర్వింగ్‌లో ఒకరి గంట అయిపోగానే తర్వాతి వాళ్ళకి మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఇండియాకి మాత్రం ఫోన్ లేదు. గడియారం చూసుకుని వాళ్ళు మొదలుపెట్టాలి, గడియారం చూసుకుని మేం అందుకోవాలి.

ఎవరు ఎప్పుడో గందరగోళం లేకుండా చార్టు గీసే పని నాకిచ్చారు. లెక్కల్లో ఫస్టు గదా. పిజ్జా పెట్టె అట్టని పెద్ద చక్రంగా కోసి ఇర్వింగ్ గంటలు, దాని మీద చిన్న చక్రం కోసి ఇండియా గంటలు, పదిన్నర గంటల తేడా సరిగ్గా కుదిర్చి, మధ్యలో ఇత్తడి పిన్ను గుచ్చి, ఒక్కో గంట పక్కన పేరు రాశాను. అంటే మాకు పొద్దున ఐదు నుంచి ఆరు, అక్కడ మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర, ఊరివాళ్ళలో ఆఖరు వంతు, రత్నమ్మగారు. ఆమె ముగించగానే ఇక్కడ ఆరింటికి మా అమ్మ. హాల్లో దాన్ని గోడకి పెడితే చిన్నపిల్లలు లోపలి చక్రాన్ని గిరగిరా తిప్పి ఆడుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ గంటలు సరిచేసి, లోపలి చక్రం కదలకుండా గమ్ పూసి అంటించేశాను. భేష్ అని నాన్న భుజం తట్టారు.

ఆ వారం మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాయనమ్మ తెల్లచీర పమిట తల మీదుగా లాక్కుని, తనది కాని గంటల్లో కూడా మోకాళ్ళ మీదే ఉండేది. ఎవరి ప్రార్థనకైనా నేను ఊరికే వంత పలికితే కళ్ళు తెరిచి చూసేది. “ఆమేన్ అన్నావంటే ఆ ప్రార్థన నీదైపోద్ది. ఇని అను,” అనేది.

ఆదివారం పొద్దున ఆరింటికి ఇంకా పావుగంట ఉందనగా ఫోన్ మోగింది. ఐదూ ఇరవైకి ఆంటీ పోయింది. నాన్న హాస్పిటల్లోనే ఉన్నారు, అంకుల్‌కి తోడుగా. అమ్మ తన గంట కోసం పరుచుకున్న దుప్పటి మీదే కూలబడింది.

ఆ సాయంత్రం ఇంటినిండా మనుషులు. నాయనమ్మ ఊరికి ఫోన్ చేసి వార్త చెప్పి, వంటింట్లోకొచ్చి అమ్మతో అంది, “రత్నమ్మ ఏడ్సి ఏడ్సి ఉంది. నాలుగున్నరకి ముగించి, ఇంటికిబొయ్యి అప్పుడే పొయ్యి ముట్టించిందంట.” అమ్మ వింటూనే నావైపు తిరిగి, “ఆ స్టవ్ గడియారం ఒక గంట వెనక్కి పెట్టమ్మా, ఇవాళ టైం మారింది, అది దానంతటది మారదు,” అంది. నేను బటన్ నొక్కాను. ఏడు ఆరైంది. వేలు బటన్ మీదే ఉండిపోయింది. మా గడియారాలు తెల్లవారకముందే ఒక గంట వెనక్కి వెళ్ళాయి. రేపల్లెలో గడియారాలు వెళ్ళవు. రత్నమ్మగారు నాలుగున్నరకి ముగించినప్పుడు ఇక్కడ ఆరు కాదు, ఐదు. ఆ ఐదు నుంచి ఆరింటి దాకా చైన్‌లో ఎవరూ లేరు. ఆంటీ ఆ గంటలోనే పోయింది. తేడా చూసుకోవలసిన చక్రాన్ని గమ్‌తో అంటించింది నేను.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆంటీకి ఎప్పుడూ వేసుకోని లిప్‌స్టిక్ వేశారు. ఏలీయా చనిపోయిన పిల్లవాడి మీద మూడుసార్లు పడుకుంటే వాడు లేచాడని సండే స్కూల్లో ఆవిడే మాకు చెప్పింది. పడుకునే ధైర్యం లేక, వరసలో నా వంతు వచ్చినప్పుడు ఆవిడ చేతిని మూడుసార్లు నొక్కాను. చల్లగా, బిగుసుకుని ఉంది. వెనక ఎవరో పెద్దాయన, “మనలోనే ఎక్కడో లోపం జరిగింది బ్రదర్, లేకపోతే ఇలా అవదు,” అంటున్నాడు. లోపం ఎక్కడో నాకు తెలుసు.

వారం తిరక్కముందే ప్రభాకర్ అంకుల్ మా ఇంటికి భోజనానికొచ్చారు. అన్నం కెలుకుతూ కూర్చుని, ఉన్నట్టుండి ఆ చార్టు తెమ్మన్నారు. చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, “ఆదివారం పొద్దున ఐదింటికి ఎవరమ్మా?” అని అడిగారు. ఆయన మొహంలోకి చూడకుండా, నేను వేలు పెట్టి, “రత్నమ్మగారు అంకుల్,” అని చదివాను. చక్రం మీద ఉన్నదే చదివాను, అది అబద్ధమని నాకొక్కదానికే తెలుసు. “ఆమె చేసిందా?” అన్నారు. “చేసింది.” ఆయన తల ఊపి, కంచంలోనే చెయ్యి కడుక్కున్నారు. చార్టు తీసేస్తూ బతికిపోయాననుకున్నాను. అంత నీచంగా ఊపిరి పీల్చుకోవడం నాకు అదే మొదలు.

ఆ తర్వాత నెల రోజులు నేను పొద్దున ఐదింటికి అలారం పెట్టుకుని లేచి, క్లోజెట్‌లో కోట్ల కింద కూర్చుని ఆ గంటని ప్రార్థనతో నింపాను. దేని కోసం చేస్తున్నానో నాకే తెలియదు. బడిలో కునికేదాన్ని, గోళ్ళు కొరికి కొరికి రక్తం వచ్చేది. డిసెంబరులో ఒక సాయంత్రం నాన్నా నేనూ ఇండియన్ గ్రోసరీకి వెళ్ళాం. పొద్దుగూకే వేళ ఆ లాటులోని చెట్ల మీద నల్లపిట్టలు వందలకొద్దీ వాలి అరుస్తున్నాయి. బియ్యం బస్తా వెనకపెట్టి నాన్న కారు స్టార్ట్ చేయగానే, “డాడీ, ఆంటీ నా వల్ల డై అయింది,” అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. నాన్న ఇంజన్ ఆపేశారు. వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకున్నారు. అద్దం మీద పిట్ట రెట్టలు పడుతున్నాయి.

“ఆ గంట ఖాళీగా లేదమ్మా,” అన్నారు చివరికి. “నేను చేశా. అంకుల్ కాఫీకని బయటికెళ్ళారు. ఆంటీకి ఊపిరి అందట్లా. నా చెయ్యి పట్టుకుని, చాలు బ్రదర్, అంది. ఏడు రోజులూ అందరూ ఉంచమని అడిగితే, నేను తీసుకెళ్ళిపొమ్మని అడిగా.”

నాకేమీ అర్థం కాలేదని అనుకున్నారో ఏమో, ఏలీయా కూడా ఒకసారి అడవిలో చెట్టు కింద పడుకుని, చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడనీ, తను బోర్డు మీద ఆ గ్రీకు మాట రాసినప్పుడు వానల గురించే చెప్పి ఆ చెట్టు సంగతి చెప్పకుండా వదిలేశాననీ, మనలాంటివాడు అన్నది అక్కడే నిజమవుతుందనీ అన్నారు. తర్వాత కారు స్టార్ట్ చేస్తూ, “అంకుల్‌కి చెప్పొద్దమ్మా, తట్టుకోలేడు,” అన్నారు. నా బరువు దిగలేదు. దాని మీద ఆయనది కూడా పెట్టుకుని ఇంటికి వచ్చాను.

నాన్న మళ్ళీ ఎప్పుడూ ప్రసంగం చేయలేదు. ఆఫీసులో పని ఎక్కువైందన్నారు. గ్రీకు క్లాసు మానేశారు. ఎవరైనా ఇంటికొచ్చి ప్రార్థన చేయమంటే, నా కంటే మంచివాళ్ళని అడగండి అనేవారు. అది వినయమనుకునేవాళ్ళు. అంకుల్, నాన్న ఆదివారాలు పక్కపక్క దుప్పట్ల మీదే కూర్చునేవాళ్ళు గానీ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసేవాళ్ళు కాదు. నేను హైస్కూల్‌కి వచ్చేసరికి కుటుంబాలు ఒక్కొక్కటే వేరే ఊళ్ళకీ వేరే చర్చిలకీ వెళ్ళిపోయి, సహవాసం దానంతటదే ఆగిపోయింది. ఆగిపోతున్నామని కూడా ఎవరూ ప్రకటించలేదు.

ఆ హాలు ఇప్పుడు డేకేర్. పెకాన్ చెట్లు కొట్టేసి పార్కింగ్ పెంచారు. కాలింగ్ కార్డులు ఎలా ఉండేవో నా క్లాసు పిల్లలకి చెబితే నమ్మరు. నాయనమ్మ పోయింది, రత్నమ్మగారు పోయారు, ఇప్పుడు నాన్న. ఆ గంట గురించి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాననుకుని, మొన్న నవంబరులో, గడియారాలు మారిన ఆదివారం, చక్రం సంచిలో పెట్టుకుని ప్రభాకర్ అంకుల్ ఇంటికి వెళ్ళాను. అదే అపార్ట్‌మెంట్. రిటైరయ్యారు, ఒక కన్ను సరిగా కనబడదు. టీ ఆయనే పెట్టారు. నాన్న సంగతి దాచుకుని, నాది మాత్రం చెప్పేయాలని వెళ్ళాను. చక్రం బల్ల మీద పెట్టి, టైం మారిన సంగతి, రత్నమ్మగారు అప్పటికే ఇంటికెళ్ళిన సంగతి, తెలిసీ ఆయనకి అబద్ధం చెప్పిన సంగతి, తల దించుకుని చెప్పాను.

“అయితే ఆ టైంలో రత్నమ్మగారు ప్రార్థనలో లేరా?” అన్నారు.

“లేరు అంకుల్. చైన్‌లో ఎవరూ లేరు.”

ఆయన కప్పు కింద పెట్టారు. టీ సాసర్లోకి ఒలికింది. “కాఫీ తీసుకుని వచ్చేసరికి మీ నాన్న ప్రార్థన చేస్తన్నాడు. తలుపు దగ్గరే ఆగిపోయా. తీసుకెళ్ళిపొమ్మని అడగతన్నాడు,” అన్నారు. “నేను ఆమేన్ అన్నానమ్మా.”

నేను తలెత్తి ఆయన్ని చూశాను.

“మీ ఇంటికొచ్చి నిన్ను అడిగింది అందుకే. ఆ గంటలో ఎవరన్నా ఆమెని ఉంచమని మోకాళ్ళ మీద ఉన్నారేమో, నా ఆమేన్ వాళ్ళకి అడ్డం పడిందేమో అని. నువ్వు రత్నమ్మగారన్నావు. ఇన్నేళ్ళూ ఆ తల్లి మొహమే నాకు…”

ఒక్క నిజం, పదకొండేళ్ళప్పుడు నోరు తెరిచి నాకు తెలిసిన నిజం చెప్పి ఉంటే, ఈయన ఇన్నేళ్ళు ఇలా ఉండేవారు కాదు. నాన్నా ఈయనా ఒకే గదిలో, ఒకే నిమిషంలో, ఒకే మాట అడిగారు. నాన్న అది తెలియకుండానే పోయారు. క్షమించండి అంకుల్ అని నేను అన్నానో లేదో కూడా నాకు గుర్తులేదు.

అంకుల్ చక్రాన్ని దగ్గరికి లాక్కుని, బాగున్న కంటికి ఆనించి, ఐదు దగ్గర రాసిన పేరు చదివారు. తర్వాత లోపలి చక్రం మీద బొటనవేలు పెట్టి ఒక గంట తిప్పబోయారు. అది కదల్లేదు.

“అంటించింది నేనే అంకుల్,” అన్నాను.

ఆయన మళ్ళీ నొక్కి తిప్పారు.